వజ్రపు దాగలి

నాగిరెడ్డిపేట మండలంలోని పోచారం ఆనకట్ట మీద నిలబడినప్పుడల్లా నాకొక లెక్క గుర్తుకు వస్తుంది. నిజాం కాలంలో, 1916లో మొదలై 1922లో పూర్తయిన కట్టడమది. ఆలేరు వాగు నీటిని తన వీపు మీద మోస్తున్నది. నీటిలో పది మీటర్ల లోతుకు దిగితే, మనం మామూలుగా మోసే గాలి బరువుకు తోడు అంతే బరువు మరొకటి మీద పడుతుంది. దానినే ఒక వాతావరణ పీడనం అంటాము. పదకొండు కిలోమీటర్ల లోతున్న మహాసముద్రపు అగాధంలో కూడా అది సుమారు 1,100 వాతావరణాలే. భూమి నడిబొడ్డున మాత్రం దాదాపు 36 లక్షల వాతావరణాలుంటుందని శాస్త్రజ్ఞుల లెక్క. అక్కడికి మనిషి వెళ్ళలేడు. ఆ పీడనాన్నే తన బల్ల మీదికి రప్పించుకునే ప్రయత్నం చేశాడు. ఈ టపా ఆ ప్రయత్నంలో వాడిన పనిముట్ల గురించి, వాటి మధ్య వినిపించే రెండు తెలుగు పేర్ల గురించి.

పంతొమ్మిదవ శతాబ్దాంతానికి ఫ్రాన్సులో అమగా అనే శాస్త్రజ్ఞుడు సుమారు 3,000 వాతావరణాల వరకు వెళ్ళగలిగాడు. అంతకు మించితే పాత్ర అతుకుల దగ్గర ద్రవం కారిపోయేది. హార్వర్డు విశ్వవిద్యాలయంలో పెర్సీ బ్రిడ్జిమన్ (1882-1961) ఈ చిక్కును విప్పాడు. నీరు తోసేకొద్దీ తూము తలుపు చట్రానికి మరింత గట్టిగా అతుక్కుంటుంది కదా! ఆయన అమర్చిన బిరడా తీరు కూడా అటువంటిదే. లోపలి పీడనం పెరిగేకొద్దీ బిరడాలోని మెత్తని పొర మీద ఒత్తిడి అంతకంటె ఎక్కువగా పెరిగి, సందు మరింత బిగుసుకుంటుంది. ఇక కారే అవకాశమే లేదు, పగిలితే ఉక్కే పగలాలి. తరువాత ఆయన టంగ్‌స్టన్ కార్బైడు దిమ్మెలు రెండు ఎదురెదురుగా పెట్టి, నడుమ పదార్థాన్ని నొక్కి, లక్ష వాతావరణాల వరకు చేరాడు. 1946లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

అయితే ఆ యంత్రాలలో ఒక లోటుండేది. లోపల ఏం జరుగుతున్నదో కంటికి కనిపించదు. కొలతలను బట్టి ఊహించుకోవలసిందే.

ఆ లోటు 1958లో తీరింది. వాషింగ్టన్‌లోని అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో వియర్, లిపిన్‌కాట్, వాన్ వాల్కెన్‌బర్గ్, బంటింగ్ అనే నలుగురు రెండు వజ్రాల మొనలను కొద్దిగా చదును చేసి ఎదురెదురుగా నిలిపారు. కమ్మరి దాగలి మీద ఇనుము పెట్టినట్టు, ఆ రెండు వజ్రపు దాగలుల నడుమ పదార్థపు రేణువును పెట్టారు. మరను చేత్తో తిప్పితే చాలు. దీని వెనుక ఉన్నది చిన్న లెక్కే. అర మిల్లీమీటరు వ్యాసమున్న మొన మీద 200 కిలోల బరువు మోపితే, అక్కడి పీడనం సుమారు లక్ష వాతావరణాలవుతుంది. గదంత యంత్రం చేసే పని అరచేతిలో ఇమిడిపోయింది. పైగా వజ్రం పారదర్శకం. సూక్ష్మదర్శినితో నేరుగా లోపలికే చూడవచ్చు. వారు వాడినవి దొంగరవాణాదారుల నుండి అమెరికా ప్రభుత్వం జప్తు చేసిన వజ్రాలు. 1972లో అదే సంస్థవారు చిటికెడు కెంపును లోపల ఉంచి, దాని వెలుగు రంగులో వచ్చే మార్పును బట్టి పీడనాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1976లో మావో, బెల్ అనే ఇద్దరు పది లక్షల వాతావరణాల గీత దాటారు.

వజ్రమనగానే మనకు గోల్కొండ గుర్తుకు రావడం సహజం. గోల్కొండ నిజానికి అంగడి, గనులుండినవి కృష్ణాతీరాన కొల్లూరు, పరిటాల వంటి చోట్ల. వజ్రాలలో నత్రజని కలిసినవి ఒక తరగతి, దాదాపు కలవనివి రెండవ తరగతి. పరారుణ కాంతిని చక్కగా పోనిస్తాయి కనుక ఆ నలుగురూ ఏరుకున్నవి రెండవ తరగతి రాళ్ళు. గోల్కొండ రాళ్ళకు పేరు తెచ్చిన స్వచ్ఛత కూడా ఆ తరగతిదే. మన నేల రాళ్ళు మాత్రం కిరీటాలకు చేరాయి. కొల్లూరు నేడు, 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయపు నీటి కింద ఉన్నది.

అయితే వజ్రాన్ని ఆభరణంగా కాక పదార్థంగా చూసినవారు మనలోనూ ఉన్నారు. ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, కలకత్తాలో రామన్ దగ్గర చేరిన సూరి భగవంతం (1909-1989) 1930లోనే వజ్రం మీద రామన్ ప్రభావాన్ని పరిశీలించారు. తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, జె. భీమసేనాచార్‌తో కలిసి, వజ్రపు స్థితిస్థాపక గుణకాలను కొలవడానికి పూనుకున్నారు. వారి పనిముట్టు ఒక స్ఫటికపు చీలిక. ఒకవైపు మందంగా, మరొకవైపు పలుచగా ఉండే ఆ చీలికలో ఒక్కొక్క భాగం ఒక్కొక్క పౌనఃపున్యంతో కంపిస్తుంది. ఆ అతిధ్వని తరంగాలను వజ్రపు పలక గుండా పంపి, అవతలి ద్రవంలో కాంతి వివర్తనాన్ని బట్టి ఏ పౌనఃపున్యం బాగా దాటివచ్చిందో గుర్తించేవారు. దానినుండి ధ్వనివేగము, వేగం నుండి గుణకాలు తేలుతాయి. ఫలితాలు 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి.

ఇక్కడే నాకు ఒక ధర్మసంకటం ఎదురైంది. మనవారి ఘనత చెప్పి ఇంతటితో ముగిస్తే చదవడానికి బాగానే ఉంటుంది. కాని 1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మెక్‌స్కిమిన్, బాండ్ మళ్ళీ కొలిచారు. వజ్రానికి ఉండే మూడు గుణకాలకు వాల్తేరు విలువలు 950, 390, 430 గిగాపాస్కల్‌లు. కొత్త విలువలు 1076, 125, 576. ఒక గిగాపాస్కల్ అంటే సుమారు పదివేల వాతావరణాలు. రెండవ గుణకంలో మూడు రెట్ల తేడా! నలుదిక్కులా నొక్కినప్పుడు వజ్రం ఎంత ఎదురు నిలుస్తుందో లెక్క కడితే వాల్తేరు విలువల ప్రకారం 577, కొత్తవాటి ప్రకారం 442 వస్తుంది. శాస్త్రలోకం రెండవదానినే స్వీకరించింది. వజ్రపు మొన ఎంత భారానికి ఎంత వంగుతుందో లెక్కించాలంటే కావలసినవి ఈ గుణకాలే.

అంతమాత్రాన వాల్తేరు శ్రమ వృథా అనగలమా? అనలేమనే నా అభిప్రాయం. వజ్రపు దాగలి పుట్టడానికి పన్నెండేళ్ళ ముందే, అంత కఠినమైన రాయి ఎంత వంగుతుందని అడిగి, సంఖ్యలతో జవాబిచ్చి, దానిని నలుగురి ముందు పరీక్షకు పెట్టారు వారు. పరీక్షకు పెట్టారు కనుకనే సవరించడం సాధ్యమయింది. కోహినూరు మనదని వగచడానికి తరతరాలుగా ఎందరో ఉన్నారు. వజ్రాన్ని పలకగా కోసి దానిగుండా ధ్వనిని పంపిన ఈ ఇద్దరి పేర్లు మనలో ఎందరికి తెలుసు? వారి పొరపాటును దాచి పొగడటం కంటె, దానితో సహా గుర్తుంచుకోవడమే వారికి తగిన గౌరవమని నాకు తోస్తున్నది.

పోచారం నీరు నూరేళ్ళు దాటినా ఆ కట్టను నెడుతూనే ఉన్నది. కట్ట ఎంత బలమైనదో తెలిసేది ఆ నెట్టుడు వల్లనే. కొలతల సంగతీ అంతే.