వస్తువునకు పేరు కుదురుట

గౌతమి ఒడ్డున రావులపాలెం అరటి మార్కెట్టునకు పొరుగూరి మనిషి ఒకడు వచ్చినాడనుకొందము.

"ఈ గెలలో ఒక వరుస కోసి ఇవ్వండి."

"అత్తమాండీ?" అని వర్తకుడు వరుసను తాకి చూపును.

"ఆఁ, అదే."

మరుసటిసారి ఆ మనిషే "రెండు అత్తాలు" అని అడుగును. ఒకరు వర్ణించగా, రెండవవారు పేరు సూచించగా, మొదటివారు ఒప్పుకొనగా మాట కుదిరినది.

తెలుగునాట ఇట్టి సంభాషణలపై నిలిచిన గ్రంథమొకటి ఉన్నది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశము ప్రకటించినది. వ్యవసాయ సంపుటము 1962లోను, చేనేత సంపుటము 1971లోను వెలువడినవి. (బీహారు రైతుల పనిముట్ల పేర్లను గ్రియర్సన్ 1885 నాటికే గ్రంథస్థము చేసినాడు.) ఇట్టి కోశమునకు పదములు వృత్తివారి నోటినుండి రావలెను. అయితే అడుగుటలోనే చిక్కు ఉన్నది. కోస్తాలో నాగలి అనుదానిని రాయలసీమలో మడక అందురు. పరిశోధకుడు "నాగలి" అని ముందే పలికినచో, రైతు మర్యాదకు ఆ మాటనే తిరిగి పలుకవచ్చును, మడక దాగిపోవును. కనుక పేరు చెప్పక వస్తువును చూపవలెను, లేదా దాని పనిని చెప్పవలెను. భూమిని చీల్చు ఇనుపముక్క ఏది? దున్నువాడు చేత పట్టునది ఏది? అప్పుడు కర్రు, మేడి బయటికి వచ్చును. ఒకదాని పేరు వేరొకదాని క్రింద వ్రాసికొన్నచో, ట్రాక్టరు వచ్చి ఆ కొయ్య నాగలి మూలపడిన పిమ్మట తప్పు దిద్దుటకు సాక్షియే దొరకడు.

ఈ ఉమ్మడి పనిని ప్రయోగశాలలో కొలిచినవారు అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు. 1964లో క్రాస్, వైన్‌హైమర్‌లు, వింత ఆకారములను పలుమారు ప్రస్తావించుకొనువారి మాటలు క్రమముగా కురుచబడునని చూపినారు. 1986లో క్లార్క్, విల్క్స్-గిబ్స్ 8 జంటలను తెరకు ఇరువైపుల కూర్చుండబెట్టి, పేరులేని 12 ఆకారములను ఒకరు చెప్పగా రెండవవారు అదే వరుసలో పేర్చవలెనన్నారు. ఇట్లు ఆరుసార్లు. తొలిసారి ఒక్కొక్క ఆకారమునకు చెప్పువారికి సగటున 41 మాటలు పట్టినవి. ఆరవసారి 8 చాలినవి. చేతులు చాచి మంచుపై జారుచున్న మనిషివలె ఉన్నదన్న దీర్ఘ వర్ణన, తుదకు "మంచుపై జారువాడు" అను పేరైనది.

1989లో షోబర్, క్లార్క్‌లు మరొక మెలిక పెట్టినారు. మొదటినుండి అన్ని మాటలను వినుచు, నోరు మెదపరాని మూడవవానికి కూడ అదే పని ఇచ్చినారు. మాట కలిపినవానికంటె అతడు ఎక్కువ తప్పులు చేసినాడు.

ఉపాధ్యాయులు తరగతిలో దీనిని చేసి చూడవచ్చును. అట్టముక్కలతో కత్తిరించిన ఆకారములు మూడు జతలు, నడుమ ఒక తెర, ముగ్గురు విద్యార్థులు చాలును. మూడవవానిని మాత్రము ప్రశ్న అడుగనీయరాదు.