నిల్వను చెప్పు గీత

వేల్పూరు ప్రాంతపు రైతు బావిలోనికి తొంగిచూచి నీరెంత ఉన్నదో చెప్పగలడు. అది ఎన్నాళ్లు వచ్చునో చెప్పుటకు మాత్రము నిన్నటి మట్టమును, మొన్నటి మట్టమును గుర్తు చేసికొనును. నిల్వను కనిపెట్టు విద్యకు మూలమిదే.

నేడు వ్రాతలు, చిత్రములు, లెక్కలు నెట్‌వర్కుపై నుండు సర్వరుల డిస్కులలో నిల్వయగుచున్నవి. డిస్కు నిండిన పిదప తెలిసిన లాభమేమి? 1995లో ఇంగ్లండునందలి డి మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయమున టోబియాస్ ఓటికర్ ఒక ఇంటర్నెట్ లైనుపై రాకపోకలను 5 నిమిషముల కొకసారి కొలిచి గీతగా చూపు ఎం.ఆర్.టి.జి.ని రచించెను. 1999లో ఆయనయే ఆర్.ఆర్.డి.టూల్‌ను వెలువరించెను. క్రొత్త కొలతలను వివరముగా నుంచి, పాతవానిని సగటులుగా కుదించుటచే దాని దస్త్రము ఎంతకాలమైనను పెరుగదు. సర్వరుల డిస్కులు ఎంత వేగముగా నిండుచున్నవో ఇట్టి గీతలే చూపసాగినవి.

అయినను గీతకు అన్నియు కనబడవు. మంజీరపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన మన నిజాంసాగరమునే చూడుడు. బోధను చెరకుతోటలకు ప్రాణమైన ఆ జలాశయము తొలుత సుమారు 29.7 టి.ఎం.సి.ల నీరు పట్టెడిది. 1970ల నాటికి పూడిక వలన అది 12 టి.ఎం.సి.ల లోపునకు దిగెను. మట్టమును మాత్రమే చూపు కొలబద్దకు అడుగున చేరిన ఒండ్రు తెలియదు. సర్వరు గీతయు నట్టిదే. పాత సగటులలో గడియసేపటి ఉప్పెన కరగిపోవును.

కావున గీతను నిత్యము చూడవలెను. అప్పుడప్పుడు అడుగును గూడ కొలువవలెనని మా మనవి.