అధ్యక్షుడు, పెద్ద, పరిచారకుడు

బిషప్పుగారు, ప్రెస్బిటరుగారు, డీకనుగారు అని మనము నిత్యము పలుకుచుందుము. ఇవి దొరలతో వచ్చిన ఇంగ్లీషు మాటలని మనలో అనేకులు తలంతురు. మూలములో మూడును గ్రీకు మాటలే. పుట్టినప్పుడు అవి గుడి మాటలును కావు; ఇంటిలో, వీధిలో, విందు బల్ల దగ్గర వాడిన మాటలు.

బిషప్పునకు మూలము 'ఎపిస్కొపొస్'. 'ఎపి' అనగా పైన, 'స్కొపొస్' అనగా చూచువాడు. లాటినులో అది 'ఎపిస్కొపుస్' అయి, పాత ఇంగ్లీషులో మొదటి అక్షరము రాలిపోయి, నేటి బిషప్పుగా మిగిలినది. ఫ్రెంచివారు 'ఎవేక్' అందురు. వినుటకు చుట్టరికము కనబడదు గాని అదియు ఈ ఇంటి బిడ్డయే. మన తెలుగు బైబిలులో ఈ మాటకు 'అధ్యక్షుడు' అని వేసిరి. ఆ ఎంపిక తలచుకొన్నప్పుడెల్ల నాకు ఆశ్చర్యము. 'అధి' అనగా పైన, 'అక్ష' అనగా కన్ను. గ్రీకు మాటను విప్పి సంస్కృతములో మరల కుట్టినట్లున్నది! కౌటిల్యుని అర్థశాస్త్రములో రెండవ అధికరణము అధ్యక్షుల పనులను గూర్చినదే. నూలుకు ఒక అధ్యక్షుడు, గోవులకు ఒక అధ్యక్షుడు. ఇప్పుడైతే అధ్యక్షుడనగానే పూలదండతో నడిమి కుర్చీలో కూర్చుండువాడు తలపునకు వచ్చును. మందను లెక్కించి, జబ్బు చేసినదానిని కనిపెట్టు ఆ గోవుల అధ్యక్షుడే పౌలు మాటకు దగ్గరివాడు.

'ప్రెస్బుతెరొస్' అనగా వయస్సులో పెద్ద. పౌలు మిలేతులో ఉండి ఎఫెసు సంఘపు పెద్దలను పిలిపించెను (అపొ. కా. 20:17). అదే అధ్యాయము 28వ వచనములో ఆ పెద్దలనే అధ్యక్షులు అనెను. తీతు పత్రిక మొదటి అధ్యాయములోను అంతే. మొదట ఇవి రెండు మెట్లు కావన్నమాట. నాల్గవ శతాబ్దము చివర జెరోము ఈ సంగతి దాచకుండ వ్రాసెను. రెండవ శతాబ్దారంభమున అంతియొకయ ఇగ్నాతియసు పత్రికలలో మాత్రము బిషప్పు ఒక్కడు, ఆయనతో ప్రెస్బిటర్లు, డీకన్లు వేరువేరుగా కనబడుదురు.

ఈ ప్రెస్బిటరే ఇంగ్లీషు నోట నలిగి 'ప్రీస్టు' అయినది. చిక్కంతయు ఇక్కడనే. బలులర్పించు యాజకునికి కూడ వారు ఆ మాటనే వాడిరి. క్రొత్త నిబంధన క్రీస్తును ప్రధానయాజకుడనెను, విశ్వాసులందరిని యాజకసమూహమనెను గాని, సంఘ పెద్దనెవరిని ఆ బిరుదుతో పిలువలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆంగ్లికనులు, మెథడిస్టులు, అప్పటికే ఏకమైయున్న ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలువారు ఒక్కటైరి. బిషప్పుకు, డీకనుకు నడుమ 'ప్రెస్బిటరు' అనే పేరే నిలిపిరి. మన జనులు మాత్రము ఏ పేరును లెక్కచేయక 'అయ్యగారు' అనియే పిలుచుచున్నారు!

ఇక డీకను. 'దియాకొనొస్' అనగా పనివాడు, బల్లయొద్ద వడ్డించువాడు. ఈ మాటయే మనకు చేదైనది. మా సంఘములో ఒక ఎన్నికలో పెద్దగా నిలిచి ఓడిన ఒకాయనను పండుగ విందు ఏర్పాట్లు చూడుమనగా, "నేను నీళ్లు మోయాలా?" అని లేచిపోయెను. మరుసటి ఆదివారము ఆ కుటుంబము గుడికి రాలేదు. కానాలో నీళ్లు మోసినవారికి యోహాను వాడినది ఈ మాటయే. ద్రాక్షారసము ఎక్కడనుండి వచ్చెనో విందుప్రధానికి తెలియలేదు, నీళ్లు తోడిన ఆ పరిచారకులకు తెలిసెను.

రోమా పత్రికలో ఫీబేకు కూడ పౌలు వాడినది 'దియాకొనొస్' అనియే. తెలుగులో పరిచారకురాలు. అట్టి స్త్రీలు మొదటినుండి ఉండగా, 'అధ్యక్షురాలు' అనుటకు మనము 2013 వరకు ఆగితిమి. ఆ సంవత్సరము పుష్పలలితగారు నంద్యాల అధ్యక్ష మండలమునకు బిషప్పై, దక్షిణ ఇండియా సంఘములో తొలి స్త్రీ బిషప్పు అయిరి. అయ్యగారి భార్యను అమ్మగారనుటకు అలవాటుపడిన మా ఇంటివారు ఆమెను ఏమని పిలువవలెనో తెలియక ఒక సాయంకాలమంతయు వాదించుకొని, చివరకు 'బిషప్పమ్మగారు' అని తేల్చిరి.