అలన్ పేజ్

అలన్ పేజ్ (జననం: 1945 ఆగష్టు 7) అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ క్రీడాకారుడు, విశ్రాంత న్యాయమూర్తి. ఇతడు ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ నగరంలో జన్మించాడు.

క్రీడా జీవితం

నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో చదివి, 1967లో మిన్నెసోటా వైకింగ్స్ జట్టులో డిఫెన్సివ్ టాకిల్‌గా చేరాడు. 1971లో ఎన్.ఎఫ్.ఎల్. అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికయ్యాడు. రక్షణ శ్రేణి ఆటగాడికి ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం. అయితే ఇతడు ఆడిన నాలుగు సూపర్ బౌల్ పోటీలలోనూ జట్టు ఓడిపోయింది. దూరపు పరుగు సాధనతో ఇతని బరువు తగ్గగా, 1978లో వైకింగ్స్ ఇతనిని వదులుకుంది. 1981 వరకు షికాగో బేర్స్ తరఫున ఆడి విరమించాడు. యువకునిగా కాంటన్‌లో ఏ కీర్తిమందిర నిర్మాణంలో కూలిపని చేశాడో, 1988లో అందులోనే స్థానం పొందాడు.

న్యాయవృత్తి

ఆడుతూనే న్యాయశాస్త్రం అభ్యసించి 1978లో పట్టా పొందాడు. 1993 నుండి 2015 వరకు మిన్నెసోటా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేశాడు. ఆ పదవిని పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఇతడే.