మూసారాంబాగ్ గుట్ట నుంచి మన ఎన్‌సీసీ రైఫిల్ దాకా

గడ్డిఅన్నారంలో చదువుకున్న మనకు మూసారాంబాగ్ పొరుగు పేట. అక్కడి ఆస్మాన్‌గఢ్ గుట్టమీద రెండో నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. జనం ఆయన్ను 'మూసా రాముడు' అనీ, 'మూసా రహీం' అనీ పిలుచుకున్నారని, ఆ పేరే పేటకు వచ్చిందని అంటారు. ఫతేమైదాన్ దగ్గరి గన్‌ఫౌండ్రీ ఆయన పెట్టిందే.

ఆ కాలపు తుపాకీలో ఇనుప గొట్టం ఒకటి, దాన్ని మోసే కొయ్య స్టాక్ ఒకటి. రెంటినీ కలిపి ఉంచేవి మరలు, చీలలు, పట్టీలు. కొయ్య వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. పేల్చినప్పుడల్లా వచ్చే అదురుకు మర వదులవుతుంది. అలాగని చేతిలో బలమున్నంతా బిగిస్తే కొయ్య నలుగుతుంది, చెకుముకి యంత్రం కొయ్యకు ఒరుసుకుని పట్టేస్తుంది. అప్పటి తుపాకీ గొట్టం లోపల నునుపు కాబట్టి గురి ఎలాగూ అంతంత మాత్రమే. ఈ లోపం పెద్దగా బయటపడేది కాదు.

గొట్టం లోపల మెలికల గాళ్లు తీసి గుండును తిప్పుతూ పంపే రైఫిల్ వచ్చాక సంగతి మారింది. గొట్టం కొయ్యలో వెంట్రుకవాసి కదిలినా గుండు పడేచోటు మారిపోతుంది. అందుకే .303 లీ ఎన్‌ఫీల్డ్ రోజుల్లో ట్రిగ్గర్ గార్డు ముందు మరను ఆర్మరర్ ప్రత్యేకంగా చూసేవాడు.

మనలో ఎన్‌సీసీ ఖాకీ వేసినవారికి .22 రైఫిల్, 25 మీటర్ల రేంజి గుర్తుండే ఉంటాయి. గుళ్లు ఒకచోట పడకపోతే ముందు మన ఊపిరిని, ట్రిగ్గర్ మీది వేలిని అనుమానించాలి. అవి సరిగా ఉన్నా గ్రూపింగ్ చెదిరితే, అప్పుడు ఆర్మరర్ మరలు చూస్తాడు. ఆ పని క్యాడెట్‌ది కాదు. ఈనాటి పోటీ రైఫిళ్లకు ఎంత బిగించాలో తయారీదారే చెబుతాడు. అంతకు మించకుండా కొలిచి బిగించే స్క్రూడ్రైవర్లు ఉన్నాయి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 701.1తో కాంస్యం గెలిచినప్పుడు రజతానికి తేడా 0.4 మాత్రమే.

మళ్లీ గుట్ట దగ్గరికే వద్దాం. రేమండ్ 1798లో పోయాడు. ఆయన పెంచిన సేనలో పదివేలకు పైగా సిపాయిలు, మంచి తుపాకులు, ఫిరంగులు. అదే ఏడాది అక్టోబరులో జీతాల బకాయిల మీద సిపాయిలు సొంత అధికారులనే నిర్బంధించారు. అదను చూసి ఇంగ్లీషువాళ్లు చుట్టుముట్టారు; ఆ సేన యుద్ధం లేకుండానే ఆయుధాలు దించింది. ఇనుము చెడలేదు, కొయ్య చెడలేదు. రెంటినీ పట్టి ఉంచేదే వదులైంది.

యాభై ఏళ్ల తర్వాత మనం మళ్లీ ఒకచోట కలుస్తున్నాం. ఈసారి మూసారాంబాగ్ వైపు వెళ్లినప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ గుట్ట ఎక్కండి.