ఇంటర్‌స్టేట్ కంటే ముందు పుట్టిన పికప్

గుండ్రటి బానెట్, ఉబ్బెత్తు ఫెండర్లు, వెనక చెక్క పలకల తొట్టి... ఈ పాత అమెరికన్ పికప్‌ని రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. డాలస్‌లో ఉండే నా ఫ్రెండ్ ఒకడు పోయిన నెల దాని ఫొటో పంపాడు. "1950 షెవర్లే 3100 రా. రోజూ ఆఫీసుకి ఇందులోనే పోదామనుకుంటున్నా, కొనేయనా?" అన్నాడు. నేను వెంటనే సరే అనలేదు. ఎందుకో చెప్పాలంటే 1942కి వెళ్లాలి.

ఆ ఏడాది ఫిబ్రవరిలో అమెరికాలో మామూలు జనానికి కార్ల తయారీ ఆగిపోయింది. ఫ్యాక్టరీలన్నీ యుద్ధం పనిలో పడ్డాయి. రైతులు ఉన్న ట్రక్కులనే అరగదీశారు. యుద్ధం అయ్యాక కూడా కొన్నాళ్లు పాత డిజైన్లే అమ్మారు. 1947 వేసవిలో షెవర్లే "అడ్వాన్స్ డిజైన్" పేరుతో కొత్త ట్రక్కులు దింపింది. ముగ్గురు పక్కపక్కన కూర్చునే వెడల్పు క్యాబిన్ దాని గొప్ప. 3100 అంటే అందులో అర టన్ను రకం. 1955 మొదట్లో దాకా ఇవే నడిచాయి.

ఇప్పుడు ఇంకో తేదీ చూడండి: 1956 జూన్ 29. ఐసెన్‌హోవర్ ఇంటర్‌స్టేట్ హైవేల చట్టం మీద సంతకం పెట్టిన రోజు. అంటే నా ఫ్రెండ్ రోజూ వెళ్లే రకం రోడ్లు దేశమంతా పరవడం ఈ మోడల్ ఆగిపోయాకే మొదలైంది. దీన్ని తయారుచేసినవాళ్ల లెక్కలో ఉన్నది పొలం, మట్టి దారి, ఊరి బజారు.

ఆ లెక్క ఇంజిన్లోనే కనిపిస్తుంది. 216 క్యూబిక్ అంగుళాలు, ఆరు సిలిండర్లు, దాదాపు 90 హార్స్‌పవర్. కనెక్టింగ్ రాడ్ల బేరింగులకి ఇప్పటి ఇంజిన్లలోలా ఒత్తిడితో ఆయిల్ అందదు. రాడ్ల కింద చిన్న గరిటెల్లాంటివి ఉంటాయి, అవి తిరుగుతూ ఆయిల్‌ని తోడుకుంటాయి. ఆ బేరింగులు కూడా బ్యాబిట్ అనే మెత్తటి లోహం కరిగించి పోసినవి. పైగా వెనక గేరు నిష్పత్తి 4.11. బరువు లాగడానికి అది భలే ఉంటుంది గానీ గంటకు 80 కిలోమీటర్లు దాటితే ఇంజిన్ మొత్తుకుంటుంది. 110లో గంటసేపు తోలితే ఆ బేరింగులు పోయినట్టే.

అది డబ్బుతో పోయేది. ప్రాణం సంగతి వేరే. బ్రేకులు నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, అన్నిటికీ కలిపి ఒకే లైను. ఒక్కచోట ఆయిల్ కారిందంటే నాలుగూ పోతాయి. ఫ్యాక్టరీ నుంచి సీట్ బెల్టులు లేవు. 1949 నుంచి పెట్రోల్ ట్యాంక్ క్యాబిన్ లోపలే, సీటు వెనకే! మొదటిసారి ఇది తెలిసినప్పుడు నేను నమ్మలేదు.

నన్నడిగితే 1954 బండి వెతకమంటాను. ఆ ఏడాది వచ్చిన 235 ఇంజిన్లో బేరింగులకి ఒత్తిడితోనే ఆయిల్ అందుతుంది. అందుకే చాలామంది పాత బండ్లలో కూడా 216 తీసేసి 235 బిగించారు. రోడ్డు మీద అది మంచి పనే, కానీ కాగితాల్లో చిక్కు. మన ఆర్సీ లాంటి టైటిల్‌ని ఆ రోజుల్లో కొన్ని రాష్ట్రాలు ఇంజిన్ నంబర్ మీదే ఇచ్చేవి. ఇంజిన్ మారితే కాగితం మీది నంబర్ బండిలో ఎక్కడా ఉండదు. డబ్బు చేతికిచ్చే ముందే ఇంజిన్ నంబర్, డోర్ దగ్గరి ప్లేటు, టైటిల్ మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక తుప్పు. క్యాబిన్ వెనక కింది మూలలు, పాదాల దగ్గరి రేకు, క్యాబిన్‌ని ఫ్రేముకి బిగించే చోట్లు ముందు తింటుంది. కొత్త పెయింట్ తళతళ చూసి మురిసిపోవద్దు, అయస్కాంతం పట్టుకెళ్లండి. అది అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది.

మావాడు అయస్కాంతంతోనే వెళ్లాడు. ఎడమ మూలలో అది నిలవలేదట. ఇంజిన్ మాత్రం 235, టైటిల్‌లో వేరే నంబర్. కాగితం సరిచేసి ఇస్తే తీసుకుంటానని అమ్మేవాడికి చెప్పాడు, బేరం ఇంకా నడుస్తోంది. ఆఫీసుకి మాత్రం ఉన్న కారులోనే పోతాడట.