బొటనవేలి లెక్క

1986లో షోలాపూరులో ఒక మరమగ్గాల షెడ్డులో మా నాయన కుడి బొటనవేలు తెగిపోయింది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం లెక్కన అది సంపాదన శక్తిలో 30 శాతం నష్టం. చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం.

ఆ చట్టం 1924 జూలై 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు తప్పు యజమానిదేనని కార్మికుడే కోర్టులో రుజువు చేయవలసి వచ్చేది. ఆ తరువాత పనిలో ఉండగా, ఆ పనివల్ల దెబ్బ తగిలిందని తేలితే చాలు. పెద్ద మలుపే అది.

అయితే మన నేతవాళ్ళు ఎందరికోలాగే నాయన పేరూ హాజరు పట్టీలో లేదు. "నువ్వెవరు?" అన్నాడు సేటు, పన్నెండేళ్ళు నేసినవాణ్ణి! వేలికి చట్టం వెల కట్టింది. అది ఆ షెడ్డులోనే తెగిందని చెప్పే కాగితం మాత్రం లేదు. తెగిన పోగు అతకడం నాయన మిగిలిన వేళ్ళతో మళ్ళీ నేర్చుకున్నాడు.